నల్లవాగు కాలనీకి సునామీ సైరన్

మా నల్లవాగు కాలనీకి సముద్రం ఎంత దూరమని మా ఆయన రాజేశాన్ని అడిగితే, "నా డంపర్ మీద పోతే రిటైర్మెంట్ దాకా పడ్తది" అంటాడు. అలాంటి కాలనీకి సునామీ హెచ్చరిక పెట్టాలని మా పెద్దబిడ్డ నిఖిత బడిలో ఒక ప్రాజెక్టు నెత్తికెత్తుకుంది. విన్నవాళ్లంతా నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అత్తమ్మ లింగవ్వ. "గోదారే మన దిక్కు మొకం పెట్టదు, ఇగ సముద్రం వస్తదానె!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

కాలనీ మంచిర్యాలకు ఆటోలో అరగంట. ఓపెన్‌కాస్ట్ బాయికి ఆనుకుని ఉంటుంది. బాయి అంటే ఇక్కడ బొగ్గుగని. రాజేశం అందులోనే డంపర్ అనే పెద్ద లారీ నడుపుతాడు. బొగ్గు మీద ఉన్న మట్టినీ రాళ్లనూ ఏళ్ల తరబడి తెచ్చి కాలనీ వెనక పోస్తే అదొక గుట్టయి కూర్చుంది. పొద్దున పూట దాని మీద మేకలు మేస్తాయి. అవతలి పక్క గని. ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం అక్కడ బ్లాస్టింగ్ చేస్తారు, దానికి ముందు సైరన్ మోగుతుంది. సైరన్ వినపడగానే చేతిలో పని వదిలేసి ఇంట్లోకి పోవాలి. తలుపు గడియ పెట్టాలి. అల్మారలో గిన్నెలు కిందికి దించాలి. పిల్లలు మంచం కింద దూరాలి. ఎప్పుడైనా ఒక రాయి ఎగిరొచ్చి రేకుల మీద పడుతుంది, అందుకని. నేల అదిరి ఆగుతుంది. రెండో సైరన్ మోగాక బయటికొచ్చి ఎక్కడి పని అక్కడ అందుకుంటాం.

నేను సుల్తానాబాద్ దగ్గర వరిపొలాల నడుమ పెరిగినదాన్ని. నాకు సైరన్ అంటే రైస్‌మిల్లు సైరనే. కొత్తకోడలుగా వచ్చిన కొద్దిరోజులకే ఈ సైరన్ మోగితే ఏమైందో చూద్దామని వాకిట్లోకి ఉరికాను. అత్తమ్మ వెనక నుంచి నా జడ పట్టుకుని లోపలికి గుంజింది. "సైరనైతే లోపటికి పోవాలె పిల్లా! సద్దామనుకున్నవా?" అని కసిరింది. ఆ కసురు నాకు చాలాకాలం గుచ్చుకుంది గానీ పాఠం మాత్రం ఒంటికి పట్టింది. నా బిడ్డలకు నేను ఆ పాఠం చెప్పే పని కూడా పడలేదు. చిన్నది హంసిక నడక రాకముందే, సైరన్ వింటే పాకుతూ మంచం కిందికి పోయేది. ఆ వయసులో దానికి తన పేరు పెట్టి పిలిస్తే పలకడం కూడా సరిగా రాదు.

నిఖితకు ఈ సునామీ పిచ్చి పట్టించింది ఉజ్వల్ సారు. లక్సెట్టిపేట పెద్దింటి అబ్బాయి. ఇంటి పొలాలు చూసుకుంటూ హాయిగా ఉండక సైన్స్ టీచరు ఉద్యోగం తెచ్చుకుని, రోజూ బైక్ మీద మా బడికి వచ్చేవాడు. పాఠం పుస్తకంలో ఉన్నట్టు చెప్తే ఆయనకు నిద్రపట్టదు. భూమి పైభాగం పలకలు పలకలుగా ఉంటుందనీ, అవి మన గోళ్లు పెరిగినంత నెమ్మదిగా జరుగుతుంటాయనీ చెప్పాడట. ఆ రోజు బడి నుంచి వచ్చీ రాగానే నిఖిత నా మిషన్ దగ్గర నిలబడింది. నేను బ్లౌజులు కుడతాను, చీరలకు ఫాల్స్ వేస్తాను. కుట్టు మధ్యలో ఉండగా ఎవరైనా వచ్చి నిలబడితే నాకు చిరాకు.

"అమ్మా, జర ఆపకు. గట్లనే తొక్కు" అంది. "సూడు, కింది గుడ్డను సూది కిందున్న గీ పళ్లు గుంజుకపోతున్నయి. మీది గుడ్డ పాదం కింద పట్టుకున్నది. అందుకే ఉబ్బుతున్నది. సముద్రం అడుగున గూడ గట్లనే. ఒక పలక ఇంకో పలక కిందికి పోతుంటే మీది దాని అంచు ఇరుక్కపోయి వంగుతదట. వంగి వంగి ఒకనాడు పట్టు ఇడుస్తది."

గుడ్డను నొక్కిపట్టిన మిషన్ పాదాన్ని ఎత్తింది. ఉబ్బిన గుడ్డ ఒక్కసారి విచ్చుకుని సాపైంది.

"గిదే భూకంపం. మీదున్న నీళ్లన్ని ఒక్కసారి లేస్తయి. గదే సునామీ."

ఇన్నేళ్లుగా ఆ గుడ్డ నా కళ్లముందు ఉబ్బుతూనే ఉంది, నేను దాన్ని వేళ్లతో సవరించి తిట్టుకోవడం తప్ప ఏనాడూ ఆలోచించలేదు. ఇంటర్‌తో ఆగిన నా చదువు గుర్తొచ్చి, ఈ పిల్ల ఎక్కడికో పోతుందని నాకు గట్టిగా అనిపించింది. ఆ అనిపించడమే తర్వాత నా కళ్లకు గంతలు కట్టింది.

హైదరాబాద్‌లో ఏదో సంస్థ బడిపిల్లలకు పోటీ పెట్టింది. సునామీ హెచ్చరిక ఏర్పాటును పిల్లలే ఆలోచించి తయారుచేయాలి, చేసి పరీక్షించాలి. మంచిర్యాలలో నెగ్గినవాళ్లను విశాఖపట్నం తీసుకుపోతారు. సముద్రం చూపిస్తారు. నిఖిత గోదావరి కంటే పెద్ద నీళ్లు చూడలేదు. సునామీకి ముందు సముద్రం వెనక్కి పోతుందట, అది పోయే చోటు చూడాలని దాని కోరిక. నాకు దానికంటే ఎక్కువ కోరిక. పోటీ ఇంకా మొదలు కాకముందే ప్రయాణానికని నీలం చుడీదార్ కుట్టి బీరువాలో దాచాను. రాజేశం చూసి, "బిడ్డ గెల్వకముందే నువ్వు రైలెక్కినవు పో" అని ఏడిపించాడు.

నిఖిత, దాని తరగతివాడు రాజ్‌కుమార్ కలిసి బట్టలు నానబెట్టే టబ్బులో సముద్రం చేశారు. అడుగున మడతబందు వేసిన చెక్క. దాన్ని తటాలున లేపితే నీళ్లు లేస్తాయి. నీళ్లమీద తేలే డబ్బా ఆ తేడా పసిగట్టి తీగ కలుపుతుంది, ఒడ్డున థర్మకోల్ ఊళ్లో బుల్లి సైరన్ కూస్తుంది. నిజంగా కూడా దాదాపు ఇలాగే ఉంటుందట. సముద్రం అడుగున నీటి బరువును కొలిచే యంత్రం, పైన తేలే బోయా, అక్కడి నుంచి ఉపగ్రహం, అక్కడి నుంచి హెచ్చరిక కేంద్రం. ఆ కేంద్రం సముద్రం ఒడ్డున కాదు, మన హైదరాబాద్‌లోనే ఉందని ఉజ్వల్ సారు చెప్తే, అత్తమ్మ అప్పుడు నవ్వడం ఆపింది.

టబ్బుతో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ ఉజ్వల్ సారుకు ఒక మంచి ఆలోచన వచ్చింది. నిజంగా మంచిదే, ఇప్పటికీ అంటాను. "సైరన్ మోగుడు పెద్ద పని కాదు. మోగినంక మనుషులు కదలాలె. కదలకపోతే మన మిషన్లన్ని దండగ" అన్నాడు. మా కాలనీనే సముద్రపు ఒడ్డు అనుకుని, మట్టిగుట్టను ఎత్తైన చోటు అనుకుని, సైరన్ మోగించి జనం ఎక్కడం వీడియో తీయాలని తేల్చాడు. ఆదివారం బ్లాస్టింగ్ ఉండదు కదా అని రాజేశాన్ని అడిగి రూఢి చేసుకున్నాడు. అన్నిటికీ జాగ్రత్త పడ్డాడు పాపం.

ఆ ఆదివారం పొద్దున పెద్ద స్పీకర్ డబ్బా బైక్ వెనక కట్టుకుని వచ్చాడు. ముందు చెప్తే నటించినట్టు ఉంటుందని, సైరన్‌కు జనం బయటికొచ్చాక గుట్ట ఎక్కమందామని, ఎవరికీ ఏమీ చెప్పనివ్వలేదు. నల్లా దగ్గర ఆడవాళ్లు బిందెలతో నిలబడి ఉన్నారు. పిల్లలు గోళీలాడుతున్నారు. సైరన్ మోగింది.

రెప్పపాటులో వాడ ఖాళీ. బిందెలు నల్లా కిందనే ఉన్నాయి, మనుషులు లేరు. టపటపా తలుపులు పడ్డాయి, లోపల గిన్నెలు దించుతున్న చప్పుళ్లు. గుట్ట ఎక్కినవాడు ఒక్కడు లేడు. వాడ మధ్యలో ఫోన్ పట్టుకుని ఉజ్వల్ సారు ఒక్కడే మిగిలాడు. మా కిటికీలోంచి అత్తమ్మ కేకలు పెడుతోంది.

"సారూ, గాడ నిలబడ్డవేంది! లోపటికి రా, రాయి వడ్తది! ఐతారం గూడ పేలుస్తున్నరేందో, వీళ్ల పాడుగాను!"

సంగతి తెలిశాక కాలనీ అంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. సారు కూడా నవ్వాడు గానీ మొహం చిన్నబోయింది. నిఖిత మాత్రం నవ్వలేదు. మా అరుగు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించి సారు దగ్గరికి పోయింది.

"సార్, సైరన్ వద్దు సార్. మన కాడ సైరనంటే లోపటికి పొమ్మని. వేరే సప్పుడు ఏదన్న పెడ్దాం. గీ వీడియో గూడ జడ్జీలకు సూపిద్దాం. సముద్రం కాడ గూడ ఒక్కో ఊరికి ఒక్కో సప్పుడు అలవాటు ఉంటది గదా సార్. ముందుగాల గది అడగాలె అని చెప్దాం."

సారు ఫోన్‌లో ఆ వీడియో మళ్లీ వేసి చూశాడు. ఆయన మనసు కొంచెం అటు మొగ్గిందనే నాకు తోచింది. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "జడ్జీలకు ఫెయిలైన వీడియో చూపిస్తే మనల్ని ఎవరు గెలిపిస్తరు నిఖితా? అన్ని ఊళ్లల్ల సైరనే పెడ్తరు. జనానికి నేర్పుడే మన పని."

"నేర్చుకుంటెనే భయం సార్. మల్ల బాయి సైరన్ మోగితే?"

"ఐతారం పొద్దున మోగితే మనది, మధ్యాహ్నం మోగితే బాయిది. మనోళ్లకు గంత తేడా తెల్వదా?"

నిఖిత నా వైపు చూసింది. నేను దాని పక్షాన ఒక్క మాట అంటే సారు వినేవాడు. ఆయన అంత పట్టుదల మనిషి కాదు. నా కళ్లముందు మాత్రం బీరువాలో నీలం చుడీదార్ ఉంది, విశాఖపట్నం రైలు ఉంది.

"సారు కంటె నీకు ఎక్కువ తెలుసానె? నోరు మూసుకొని చెప్పింది జెయ్యి" అన్నాను.

అది నోరు మూసుకుంది. పెద్దల ముందు ఎదురు చెప్పకుండా పెంచానని ఆ పూట నాకు గర్వంగా కూడా ఉండింది. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

అప్పటి నుంచి ఆదివారం వస్తే మా వాడ జాతరే. పెద్దవాళ్లకు రెండుసార్లు చెప్తే వచ్చేసింది. చిన్నపిల్లలే మొరాయించారు. సైరన్ మోగితే కాళ్లు ఇంట్లోకే పోతాయి, బయట పట్టుకుంటే ఏడుపు. దానికి సారు చాక్లెట్ల ఉపాయం పన్నాడు. గుట్టమీద సగం దూరంలో ఒక తుమ్మచెట్టు ఉంది. సైరన్ మోగగానే ఆ చెట్టు దాకా ఎవరు ముందు ఎక్కితే వాళ్లకు గుప్పెడు చాక్లెట్లు. మొదటి వారం హంసిక ఏడ్చింది. రెండో వారం తన బాపమ్మ, అంటే మా అత్తమ్మ, కొంగు పట్టుకుని ఎక్కింది. ఆ తర్వాత దాన్ని ఆపేవాడు లేడు. సైరన్ నోరు తెరిచిందో లేదో ఉరికేది, మోకాళ్లు గీసుకుపోయినా ఆగేది కాదు, చెట్టు కింద నిలబడి రెండు చేతులూ చాపేది.

అత్తమ్మ సంగతి చెప్పనక్కర్లేదు. ఆ వయసులో ఆమె కాళ్లకు అలుపుండదు. మంచిర్యాల సంతకు ఆటోలో పొమ్మంటే, ఆటో ఎందుకు దండగ అని నడిచే మనిషి. చీర బిగించి మనవరాలి వెంట గుట్ట ఎక్కుతుంటే సారు ఫోన్ ఆమె మీదే ఉండేది. నేనూ ఎక్కాను. అందరం రొప్పుతూ నవ్వుతూ చెట్టు కింద చేరేవాళ్లం. ఆ వీడియో నా ఫోన్‌లో స్టేటస్ పెట్టుకున్నాను. సుల్తానాబాద్ నుంచి మా అక్క ఫోన్ చేసి, "మీ అత్త సినిమాల చేరిందానె?" అని అడిగింది.

మంచిర్యాలలో పోటీ రోజు జడ్జీలు ఆ వీడియో రెండుసార్లు వేయించుకున్నారు. ఇంత చురుగ్గా కదిలిన జనాన్ని ఎక్కడా చూడలేదన్నారు. నిఖిత పలకల గురించి చక్కగా చెప్పింది, టబ్బులో అలను లేపింది, చప్పట్లు కొట్టించుకుంది. మొదటి బహుమతి మాకే. వచ్చే నెలలో విశాఖపట్నం. ఇంటికి తిరిగొచ్చాక చుడీదార్ తీసి చూపించాను. వేసుకుని అద్దంలో చూసుకుంది. "మంచిగుందమ్మా" అంది. అంతకుమించి మురవలేదు. అలిసిపోయిందేమోలే అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం బాయి సైరన్ మోగితే హంసిక గేటు దాకా ఉరికింది. అత్తమ్మ రెక్క పట్టుకుని లోపలికి తెచ్చింది. "ఓ సునామీ పిల్లా, గిది మన సైరన్ కాదే!" అని బుగ్గ గిల్లింది. రాత్రి అన్నాల దగ్గర రాజేశానికి చెప్పుకుని అందరం నవ్వాం. నిఖిత కంచంలోంచి తల ఎత్తి, "దాన్ని జర సూస్కోండ్రి అమ్మా" అంది. సరేలే అన్నాను. దేవుడు మాకు ఒక హెచ్చరిక పంపాడు, మేం దాన్ని అన్నంలో నంజుకుని తిన్నాం.

అది జరిగిన రోజున అంగన్వాడీకి సెలవు. హంసిక ఇంట్లోనే ఉంది. నిఖిత బడికి, రాజేశం డ్యూటీకి పోయారు. అత్తమ్మ వెనక వాకిట్లో ధనియాలు ఎండబోస్తోంది. ఎవరిదో పెళ్లి బ్లౌజు, సాయంత్రానికి ఇవ్వాలి, తల వంచుకుని మిషన్ తొక్కుతున్నాను. సైరన్ మోగింది. రోజూ వినేదే కాబట్టి విన్నట్టు కూడా తెలియకుండానే లేచాను. కిటికీ మూశాను, గిన్నెలు దించాను. హంసిక మంచం కింద ఉంటుందని నాకు తెలుసు. ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా.

అలవాటుగా వంగి చూశాను. మంచం కింద చెప్పుల జత తప్ప ఏమీ లేదు.

నేను వెనక తలుపు దాకా వచ్చేసరికి అత్తమ్మ అప్పటికే గుట్ట మొదట్లో ఉంది. పైన, తుమ్మచెట్టుకు కొంచెం కింద, ఎర్రగౌను కనిపించింది. చేతులతో పాకుతూ ఎక్కుతోంది. "ఓ హంసీ! దిగే! దిగే బిడ్డా!" అని అరుస్తూ అత్తమ్మ ఎక్కుతోంది. హంసిక వెనక్కి తిరిగి నవ్వి ఇంకా జోరుగా ఎక్కింది. బాపమ్మ ఆదివారాల్లాగే పోటీకి వస్తోందనుకుంది. నేను చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

అత్తమ్మ చెట్టు దగ్గర దాన్ని అందుకుంది. చంకన వేసుకుని దిగడం మొదలుపెట్టింది. నేల అదిరింది. రోజూ ఇంట్లో నుంచి వింటే అదొక దడ మాత్రమే, బయట నిలబడి వింటే మనిషిని లోపలి నుంచి కదిపేస్తుంది. గుట్ట మీదుగా దుమ్ము లేచింది. రాళ్లు ఎన్ని వచ్చాయో నేను చూడలేదు. ఒకటి వచ్చింది. అత్తమ్మ బిడ్డ మీద వంగి ముడుచుకోవడం చూశాను, ఆ తర్వాత ఆమె పక్కకు ఒరిగిపోయింది.

హంసికకు గీత కూడా పడలేదు. దాని పిడికిలి బిగించి ఉంది. విప్పితే మట్టి.

అత్తమ్మ తుంటి ఎముక నుజ్జయింది. కరీంనగర్ తీసుకుపోయాం. ప్రాణం దక్కింది, ఇక నడవదని చెప్పారు. పెద్ద డాక్టరు వచ్చి చెప్పినప్పుడు ఆమె ఆయన్ని ఏమీ అడగలేదు. ఆయన వెళ్లాక నన్ను పిలిచి, "పిల్లకు దెబ్బ తాకలే గదా?" అని మాత్రం అడిగింది. లేదన్నాను. "గంతె సాలు" అని కళ్లు మూసుకుంది.

విచారణకు వచ్చిన అధికారులు మర్యాదగానే మాట్లాడారు. "సైరన్ మోగినంక బయటెందుకున్నరమ్మా? మీ కాలనీల గిట్ల ఎన్నడు కాలే గదా" అన్నారు. ఏం చెప్పను? నా చిన్నబిడ్డ సముద్రం నుంచి తప్పించుకోవడానికి గుట్ట ఎక్కిందని చెప్పనా? రాజేశం తల వంచుకుని నిలబడ్డాడు. నాతో దెబ్బలాడతాడేమో అనుకున్నాను, ఆడలేదు. ఆదివారాలు అతను కూడా ఆ గుట్ట కింద నిలబడి ఈలలు వేసినవాడే.

ఉజ్వల్ సారు ఇంటికొచ్చి లోపలికి రాకుండా గడపలోనే కూర్చున్నాడు. మొగవాడు అలా ఏడుస్తుంటే చూడటం కష్టం. "తప్పంత నాదే అమ్మా. నిఖిత చెప్పింది, నేనే ఇనలే" అన్నాడు. ఆయన్ని నాలుగు మాటలు అని కడుపు చల్లార్చుకోవాలని ముందే అనుకుని ఉన్నాను. తీరా నోటికొచ్చింది వేరే మాట.

"మీదొక్కలిదే అయితే మంచిగుండు సారూ" అన్నాను.

నిఖిత విశాఖపట్నం పోనంది. బడివాళ్లు చెప్పారు, బహుమతి ఇచ్చిన సంస్థవాళ్లు ఫోన్‌లో చెప్పారు, మంచం మీద నుంచి అత్తమ్మ కూడా చెప్పింది. "పో బిడ్డా, సముద్రం సూసొచ్చి నాకు చెప్పు" అని. అది వినలేదు. ఒక సాయంత్రం దాన్ని మిషన్ దగ్గర కూర్చోబెట్టుకుని బతిమాలాను.

"ఆడికి పోయి ఏం చెప్పాలె అమ్మా?" అంది.

"నువ్వు జేసింది చెప్పు. పలకలు, బోయా, అన్ని నీకే తెలుసు గదా."

"మన సైరన్ పని జేసిందా అని అడుగుతరు."

నేను మిషన్ మీది గుడ్డ సవరించాను.

"మంచిగ పని జేసింది. మోగంగనే హంసిక ఉరికింది. ఏం చెప్పాలె మరి?"

దాని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని నా ప్రాణం కొట్టుకుంది. నేను అప్పుడే చెప్పిన గదా, నువ్వే నోరు మూయించినవు గదా అని ఒక్కసారి నన్ను నిలదీస్తే కాళ్లు పట్టుకునైనా ఏడ్చేదాన్ని. అది ఆ మాట ఇప్పటిదాకా అనలేదు. పెద్దల ముందు ఎదురు చెప్పకూడదని నేనే నేర్పాను కదా. ఇప్పుడు బడి నుంచి వచ్చినా ఏ పాఠమూ నా మిషన్ దగ్గరికి తేదు. అడిగితే "ఏం లేదమ్మా" అంటుంది. రాజ్‌కుమార్ ఒక్కడే సారు వెంట విశాఖపట్నం పోయి వచ్చాడు. అలల ఫోటోలు పంపాడు. నిఖిత చూసి, బాపమ్మకు చూపించి, ఫోన్ తిరిగి నా చేతికి ఇచ్చేసింది.

ఆదివారం సైరన్లు ఆగిపోయాయి. చాక్లెట్లు ఆగిపోయాయి. కాలనీలో అందరం పాత దారిలోకి వచ్చేశాం. పెద్దవాళ్లకు ఏముంది, రెండు మాటలు నేర్చుకుని ఒకటి మర్చిపోగలరు.

బాయి సైరన్ మాత్రం రోజూ మోగుతుంది. నేను మిషన్ వదిలి ముందు హంసిక కోసం చూస్తాను. అది మంచం కిందికి పోదు. బయటికీ ఉరకదు. గడప మీద ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, రెండు చేతులతో తలుపు పట్టుకుని నిలబడుతుంది. బాపమ్మ మంచాన్ని చూస్తుంది, బయట గుట్టను చూస్తుంది, ఆఖరుకు నా మొహంలోకి చూస్తుంది.

"అమ్మా, ఎటు పోవాలె?"

"లోపటికి బిడ్డా. సైరనైతే లోపటికి" అని ఎత్తుకుని తెచ్చి తలుపేస్తాను. తల ఊపుతుంది, అర్థమైందంటుంది. మర్నాడు సైరన్ మోగగానే మళ్లీ గడప మీద నిలబడి అదే అడుగుతుంది.